సుభానీ పంపిన ఎడమ చెయ్యి

పర్చూరు చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లి కుదిరినా రెండో కబురు సుభానీకే అందుతుంది. మొదటి కబురు ఎవరికన్నది ఆయనకు అనవసరం. దూది పరుపు కుట్టాలంటే ఆయనే కుట్టాలి. స్పాంజి పరుపులు వచ్చి గిరాకీ సగానికి పడిపోయినా, నడుంనొప్పి ఉన్నవాళ్లూ, పంతం ఉన్న ముసలమ్మలూ ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. వసారాలో గుడ్డ పరిచి, మిషను మీద ఏకించుకొచ్చిన దూదిని పొరలు పొరలుగా పేర్చి, కుడి అరచెయ్యి దానిమీద చదునుగా ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోతాడు. ఎక్కడ ఉండ కట్టిందో, ఎక్కడ పల్చబడిందో ఆ చేతికి తెలిసిపోతుంది. ఆ తర్వాతే దబ్బనం పట్టుకుని కుట్టు మొదలుపెడతాడు.

మనిషి మెత్తనివాడే గానీ ఒక్క విషయంలో మాత్రం ఆయనకు ఒళ్లు మంట. కుట్టించుకున్న పరుపును ఎండలో వెయ్యనివాళ్లంటే పడదు. వానాకాలమంతా చెమ్మగోడకు ఆనించి పడేస్తారు, పిల్లలు తడిపినా దులిపి ఊరుకుంటారు, ఏడాది తిరిగేసరికి ఉండలు కట్టిందని వీధంతా చాటుతారు. సుభానీ కుట్టిన పరుపు ఇదీ సంగతి అంటారు. నిర్లక్ష్యం వాళ్లది, చెడేది కుట్టినవాడి పేరు. ఈ మాట ఎత్తితే చాలు, టీ చల్లారిపోయేదాకా తిడుతూనే ఉంటాడు. ఆయన చేసిన తప్పుకు మూలం కూడా ఈ కోపంలోనే ఉంది కాబట్టి ముందుగా చెప్పాల్సి వచ్చింది.

యాభై దాటాక కుడి అరచేతిలో, ఉంగరం వేలు కింద ఒక గట్టి గడ్డ తగిలింది. దబ్బనం పట్టి పట్టి కాయ కాసిందనుకున్నాడు. అది మెల్లగా తాడులా సాగి వేళ్లదాకా పాకింది. మొదట ఉంగరం వేలు, ఆ వెనకే చిటికెన వేలు లోపలికి వంగిపోయాయి. నొప్పి లేదు, కానీ ఎంత లాగినా చాచుకోవు. మొహం కడుక్కుంటే వేలు కంట్లో పొడుచుకునేది. జేబులో పెట్టిన చెయ్యి బయటికి రాకుండా ఇరుక్కునేది. నమాజులో నేలకు తల ఆనించినప్పుడు అరచెయ్యి ఆనక, ప్రార్థన సగమే అయినట్టు అనిపించేది. పరుపుల సంగతి సరేసరి. వంగిన వేళ్లే దూదిలో దిగబడుతుంటే ఉండలెక్కడ తెలుస్తాయి? కుష్టులాంటి పెద్దరోగమేమోనని ఒకరిద్దరు ఆయనిచ్చిన పరుపు తీసుకోవడానికి జంకారు కూడా.

అప్పుడు ఎవరో చెబితే గుంటూరు వెళ్లాడు. చేతుల డాక్టరు క్రిస్టీనా గారు చిన్న వయసు మనిషి. చెయ్యి బల్లమీద ఆనించమంది. ఆనలేదు. అరచేతిలో చర్మం కింద ఉండే పొర గట్టిపడి తాడులా తయారై వేళ్లను లాగేస్తోందనీ, ఇది అంటురోగం కాదనీ చెప్పింది. దారులు రెండున్నాయంది. కత్తితో కోసి ఆ తాడును తీసెయ్యడం ఒకటి. కోలుకోవడానికి నెలలు పడుతుంది గానీ ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండోది సూది. చెయ్యి మొద్దుబార్చి, పైనుంచే సూదిమొనతో ఆ తాడును అక్కడక్కడా తెంపుతారు. అదే రోజు ఇంటికి పోవచ్చు, కానీ కొన్నేళ్లకు వేలు మళ్లీ వంగవచ్చు.

"దబ్బనమంత ఉండిద్దా అమ్మా సూది?" అని అడిగాడు సుభానీ.

ఆమె నవ్వి, సన్నటి సూది తీసి చూపించింది. ఇంతేనా అనుకుని చెయ్యి చాపాడు. కాసేపటికి డాక్టరు వేలు పట్టి లాగితే లోపల టప్పుమని దారం తెగిన చప్పుడైంది. రెండు వేళ్లూ నిటారుగా నిలబడ్డాయి. రాత్రిళ్లు కట్టుకోమని ఒక ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. ఏడాదికోసారి వచ్చి చూపించమన్నారు. డాక్టరు చెప్పినవన్నీ విన్నాడు గానీ, ఏళ్ల తర్వాత చాచుకున్న సొంత వేళ్లను చూసుకుంటున్న మనిషి చెవికి ఏ మాటెక్కుతుంది? వేలు మళ్లీ వంగవచ్చన్న మాట బస్సు చిలకలూరిపేట దాటకముందే మరిచిపోయాడు. పట్టీ కట్టుకోవాలన్నది మాత్రం గుర్తుంది.

గుర్తుండీ కట్టుకోలేదు. మొదటి నెల సరిగానే కట్టుకున్నాడు. తర్వాత పెళ్లిళ్లు మొదలయ్యాయి, ఎండలు ముదిరాయి, పట్టీ కింద చెమట పట్టి దురద పుట్టింది. రేపు కట్టుకుందాంలే అనుకుంటూ ఉండగానే అది అటకెక్కింది. డాక్టరుకు మాత్రం మంచి బూరుగు దూది వెతికి రెండు దిండ్లు కుట్టి పట్టుకెళ్లి ఇచ్చాడు. ఆమె కాదన్నా వినలేదు. మొదటి రెండేళ్లూ వెళ్లి చెయ్యి చూపించి, ఆమె సంతోషపడితే తనూ సంతోషపడి వచ్చాడు.

మూడో ఏడు అరచేతిలో పాతచోటే గట్టిగా తగిలింది. ఆ ఏడాది చివరికి చిటికెన వేలు వంగింది, తర్వాత ఉంగరం వేలు. సుభానీ అటక ఎక్కి దూది బస్తాల వెనక నుంచి పట్టీ తీసి కట్టుకున్నాడు. వంగిన వేళ్లకు అది పట్టనే లేదు. చేజేతులా చేసుకున్నానని ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. ఆమె అంత శ్రద్ధగా చేస్తే నేను పాడుచేశాను, పరుపు ఎండెయ్యనివాళ్లను ఇన్నాళ్లూ తిట్టానే, నేనేం తక్కువ తిన్నాను అనుకున్నాడు. ఆ మొహంతో గుంటూరు వెళ్లలేక వెళ్లడం మానేశాడు.

ఇలా ఉండగా ఒక రోజు ఫోను మోగింది. "సుభానీ గారేనాండీ? క్రిస్టీనా మేడమ్ దగ్గర నర్సునండీ, సంతోషకుమారిని. సూది చేయించుకుని ఐదేళ్లు దాటినవాళ్లందరికీ ఫోన్లు చేస్తున్నామండి. వేళ్లు ఎట్టా ఉన్నాయో కనుక్కోమన్నారు మేడమ్."

"బానే ఉన్నాయమ్మా" అన్నాడు సుభానీ. నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది.

"నిటారుగానే ఉన్నాయా అండి?"

"నిటారుగానే ఉన్నాయి."

"అయితే చెయ్యి బల్లమీద ఆనించి, పక్కనుంచి ఒక ఫోటో తీసి పంపండి చాలు."

ఫోను పెట్టేశాక భార్య సైదాబీని పిలిచి ఫోను చేతికిచ్చాడు. స్టూలు మీద చెయ్యి పెట్టి తియ్యమన్నాడు. సైదాబీ ఫోను పైకెత్తి మళ్లీ దించింది.

"ఏందయ్యా, ఎడం చెయ్యి పెట్టావు?"

"తియ్యవే ముందు."

"ఆమె సూదేసింది ఈ చేతికా?"

"పక్కనుంచి తీస్తే ఏ చెయ్యో ఎవురికి తెలుసుద్ది? పట్టీ కట్టుకోమంది, నేను కట్టుకోలా. నా బద్దకానికి ఆమె పేరు చెడాలా? రేపు నలుగురూ ఏమనుకుంటారు, క్రిస్టీనమ్మ చేసిన చెయ్యి నాలుగేళ్లు కూడా నిలబళ్లేదంట అనుకోరూ?"

"ఉన్నదున్నట్టు చెబితే ఆమే చూసుకుంటది గదా."

"నీకు తెలవదు ఊరుకో."

సైదాబీ ఫోటో తీసింది. తీసి, "తియ్యమన్నావు గాబట్టి తీశా, దీంట్లో నాకు భాగం లేదు" అని వంటింట్లోకి పోయింది. సుభానీ ఆ ఫోటో పంపించేశాడు. తప్పు చేస్తున్నానని తెలుసు. కానీ మంచి తప్పులా అనిపించింది. ఒకరి పేరు నిలబెట్టడానికే కదా అనుకున్నాడు.

సాయంత్రం డాక్టరే స్వయంగా ఫోను చేసింది. ఫోటో చూశాననీ, చాలా సంతోషంగా ఉందనీ చెప్పింది. సూది చేయించుకోవాలా, ఆపరేషనా అని తేల్చుకోలేక తికమకపడేవాళ్లు వస్తుంటారనీ, అలాంటివాళ్లకు ఆయన నంబరు ఇవ్వవచ్చా అనీ అడిగింది. ఆమె గొంతులో ఆనందం వినిపిస్తోంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఇవ్వండమ్మా అన్నాడు. ఆ పూట సైదాబీ ఎన్నిసార్లు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చాడు.

ఆ నంబరు పట్టుకుని వచ్చినవాడు ఏసుబాబు. ఇంకొల్లులో తాపీమేస్త్రి, నలభై దాటాయి. అతనికీ కుడిచేతి చివరి రెండు వేళ్లూ వంగిపోయాయి. సుభానీ వసారాలో దూది పరుచుకుని కూర్చున్న వేళ వచ్చాడు. అతను గేటు తీస్తూ క్రిస్టీనా మేడమ్ పంపారని చెప్పగానే, సుభానీ కుడి చెయ్యి దూదిలోకి మణికట్టుదాకా దూర్చేశాడు.

"లేవొద్దు భాయ్, పని చేసుకోండి" అంటూ ఏసుబాబు అరుగు మీద కూర్చున్నాడు. "మా బ్యాచి క్రిస్మస్ దాటగానే బెంగుళూరు పోద్ది. పెద్ద పని, రెండేళ్లు పట్టుద్ది. ఇప్పుడు ఇసక దొరక్క పనుల్లేవు, ఎటూ ఖాళీనే. ఆపరేషనైతే రెండు మూడు నెలలు పని ముట్టుకోకూడదంట. సూదైతే వారంలో ఎక్కొచ్చంట. అయితే మళ్లీ వంగుద్దేమో అని మేడమే చెప్పింది. కానీ మీకు వంగలేదంటగా, ఫోటో చూపిచ్చింది. అదే, ఒకసారి మిమ్మల్ని అడిగి పోదామని వచ్చా."

సుభానీ ఎడమ చేత్తో దూది సర్దుతున్నాడు. దూదిలో ఉన్న చేతికి చెమట పట్టింది.

"చెప్పండి భాయ్. మీకు ఏ ఇబ్బందీ లేదుగా?"

అప్పుడే సైదాబీ టీ తెచ్చింది. ఏసుబాబుకు గ్లాసు అందించి, రెండో గ్లాసు కావాలనే మొగుడి కుడిపక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. సుభానీ ఆమె వైపు చూడలేదు. ఇప్పుడు కాదంటే ఫోటో సంగతి బయటపడుతుంది. ఇతను నేరుగా డాక్టరుతో చెబుతాడు. ఇదే ఆలోచన ఆయన బుర్రలో తిరుగుతోంది. ఏసుబాబు చెయ్యి ఏమవుతుందన్న ఆలోచన ఆ క్షణంలో రాలేదు.

"బానే ఉంది. ఇబ్బందేం లేదు" అన్నాడు.

"అయితే సూదే చేయించుకుంటా. బతికించారు భాయ్" అని ఏసుబాబు టీ తాగేసి, వచ్చే గురువారానికి వెళతానని చెప్పి పోయాడు. సుభానీ గ్లాసులో టీ అలాగే చల్లారిపోయింది. సైదాబీ దాన్ని తీసుకెళ్లి మొక్కల్లో పారబోసింది. తిట్టినా బాగుండేదని సుభానీకి అనిపించింది.

అప్పటినుంచి ఆయనకు మనశ్శాంతి లేకుండా పోయింది. దూది పేరుస్తుంటే చేతులు పనిచేసేవి, మనసు ఇంకొల్లులో తిరిగేది. డాక్టరుకు పంపిన ఫోటో ఒక రకం. ఎవరి కడుపూ కొట్టలేదని సర్దిచెప్పుకోవచ్చు. ఇది అలా కాదు. చేతిపని చేసుకునే మనిషి ఇంకో చేతిపని చేసుకునే మనిషి గుమ్మంలోకొచ్చి అడిగాడు, వాడి ఎదుటే కూర్చుని అబద్ధం చెప్పాడు. శుక్రవారం మసీదులో చెయ్యి నేలకు ఆనకపోతే, ఆనకపోవడమే న్యాయమనిపించింది. రెండుసార్లు ఏసుబాబు నంబరు నొక్కాడు. రింగవుతుండగానే కట్ చేశాడు. ఏసుబాబు తిరిగి చేస్తే, పొరపాటున తగిలిందిలే అన్నాడు.

బుధవారం సైదాబీయే మాట్లాడింది. "వాడు రేపు పోతన్నాడు."

"తెలుసు."

"తెలిస్తే పో మరి."

గురువారం మొదటి బస్సుకే గుంటూరు వెళ్లాడు. ఆస్పత్రి మెట్లదాకా వెళ్లి ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న కొట్లో టీ తాగాడు. ఏసుబాబు వస్తే ఇక్కడే, కిందే చెప్పేద్దాం, పైన ఆమె ఎదుట ఎందుకు అనుకుంటూ ఇంకో టీ తాగాడు. ఏసుబాబు తనకంటే ముందే వచ్చి పైకి వెళ్లిపోయి ఉంటాడన్న ఆలోచన చాలాసేపటిదాకా రాలేదు. వచ్చాక కూడా వెంటనే లేవలేదు. అది భయమే, ఇంకో పేరు పెట్టడానికి లేదు. చివరికి పైకి వెళ్లేసరికి సూదిగది తలుపు తెరుచుకుని ఏసుబాబు బయటికి వస్తున్నాడు.

చేతికి చిన్న కట్టు ఉంది. కట్టులోంచి రెండు వేళ్లూ చక్కగా, నిటారుగా కనబడుతున్నాయి. సుభానీని చూడగానే అతని మొహం వెలిగిపోయింది. "మీరొచ్చారా భాయ్ నాకోసం?" అంటూ గబగబా వచ్చి, ఎడమ చేత్తో సుభానీ కుడి చెయ్యి పట్టుకుని గుండెకు ఆనించుకున్నాడు.

అలాగే పట్టుకుని ఉండగా అతని నవ్వు తగ్గిపోయింది. వేళ్లు తడిమాడు. తన గుండె మీద నుంచి చెయ్యి కిందికి దించి చూశాడు. చిటికెన వేలు అరచేతిని దాదాపు తాకుతోంది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"రెండేళ్లయింది."

"నేను మీ ఇంటికొచ్చిన రోజు కూడానా?"

సుభానీ తలూపాడు. డాక్టరుకు చెడ్డపేరు రాకూడదని ఫోటో పంపాననీ, ఆ ఫోటో సంగతి బయటపడకూడదని అతనితో అలా అన్నాననీ, పొద్దున్నే చెబుదామని వచ్చి కింద కూర్చుండిపోయాననీ చెప్పాడు. చెబుతుంటే తనకే సిగ్గేసింది. ఏసుబాబు అంతా విని తన వేళ్ల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"నేను ఆపరేషనుకే పోదామని బయల్దేరా భాయ్ ఆ రోజు. మా ఆవిడే, చేయించుకున్న మనిషిని ఒకసారి అడిగి పో అంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. చేతిసంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. సుభానీ వెనకాలే రెండు మెట్లు దిగి ఆగిపోయాడు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న క్రిస్టీనా గారు ఆయన్ని లోపలికి పిలిచింది. చెయ్యి బల్లమీద పెట్టమంది. కుడి చెయ్యి పెట్టాడు. వేళ్ల ఒంపు కొలిచి చూసింది. ఎప్పుడు గట్టిపడిందో, ఎప్పుడు వంగిందో అడిగింది. అన్నీ నిజమే చెప్పాడు. చివరికి తనే ఆగలేక, "పట్టీ కట్టుకోలేదమ్మా. మీరు చేసిన పని నేనే పాడుచేశా" అన్నాడు.

"అందుకు కాదండీ వంగింది" అంది ఆమె. "పట్టీ కట్టుకున్నవాళ్లకీ వంగుతుంది. ఈ జబ్బు తీరే అది. సూది చేయించుకున్నవాళ్లలో చాలామందికి కొన్నేళ్లకు తిరిగొస్తుంది. ఇందులో మీ తప్పూ లేదు, నా తప్పూ లేదు. మొదటిరోజే చెప్పాను మీకు."

సుభానీ బల్లమీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "మరి ఫోన్లు ఎందుకు చేయించారమ్మా?" అన్నాడు.

"ఎంతమందికి తిరిగొచ్చిందో తెలుసుకోవడానికే. కొత్తగా వచ్చేవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పొద్దూ?" అని ఆమె బల్లమీది కాగితాలు ముందుకు లాక్కుంది. "మీరొక్కరేనా నన్ను సంతోషపెట్టింది, ఇంకా ఎవరన్నా ఉన్నారా అని ఇప్పుడు అందర్నీ మళ్లీ పిలిపించాలి."

తప్పు కాని దానికి రెండేళ్లు కుమిలిపోయాడు. దాన్ని దాచడానికి అసలు తప్పు చేశాడు. సుభానీ ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది. కావాలంటే మళ్లీ సూది వెయ్యవచ్చంది. ఆయన తల అడ్డంగా ఊపి, "ఏసుబాబుకి ఎప్పుడు వంగుద్దమ్మా?" అని అడిగాడు.

"చెప్పలేం. వంగకపోవచ్చు కూడా. వంగితే మళ్లీ రమ్మనండి, సూదో ఆపరేషనో చేద్దాం."

ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా సుభానీ సూది వేయించుకోలేదు. వేయించుకుంటే తేలిగ్గా బయటపడినట్టుంటుందని ఆయనకు మనస్కరించలేదు. ఎవరైనా వేళ్ల సంగతి అడిగితే చెయ్యి తీసి చూపిస్తున్నాడు. దూదిలో ఉండలు వెతకడానికి ఇప్పుడు ఎడమ చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడు. దానికింకా అంత బాగా తెలియడం లేదు.

ఏసుబాబు బెంగుళూరు వెళ్లిపోయాడు. శుక్రవారం నమాజు అయ్యాక సుభానీ అతనికి ఫోను చేస్తాడు. మొదట్లో ఎత్తేవాడు కాదు. తర్వాత ఎత్తడం మొదలుపెట్టాడు. పలకరింపులేమీ ఉండవు. "వంగలేదు" అంటాడు, పెట్టేస్తాడు. ఆ ఒక్క మాటతో సుభానీకి ఇంకో వారం గడుస్తుంది.

మొన్న శుక్రవారం కూడా చేశాడు. వెనక సిమెంటు కలిపే మిషను చప్పుడు వినిపిస్తోంది. ఏసుబాబు ఎక్కడికో పక్కకు నడిచి వెళ్లినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"భోంచేశారా భాయ్?" అన్నాడు. ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడినవాడు కాదు.

"చేశా. వేలెట్టా ఉంది?"

"బానే ఉంది. మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నాడు ఏసుబాబు.

ఫోను పెట్టేశాక సుభానీ చాలాసేపు మసీదు మెట్ల మీదే కూర్చున్నాడు. అది నిజమో, తను బాధపడకూడదని ఏసుబాబు అన్న మాటో ఆయనకు తెలియలేదు. అడిగి తెలుసుకునే అర్హత తనకు లేదని మాత్రం తెలుసు.